నడిచే మనిషికి కుర్చీ

పరుపు హాల్లో గోడకి ఆనుకుని నిలబడి ఉంది, ఎక్కడ కూచోవాలో ఎవరూ చెప్పని చుట్టంలా.

దాన్ని గదిలోంచి ఈడ్చుకొచ్చి అక్కడ నిలబెట్టింది అమ్మాయి. నిలబెట్టి, చేతులు దులుపుకుని, తల్లి కేసి ఒక చూపు చూసింది. ఆ చూపుకి మాటలు కూడా తోడైతే వీధి చివరి ఇంటి దాకా వినిపించి ఉండేది.

అత్తగారు స్టూలు మీద కూచుని మోకాలికి మందు రాసుకుంటోంది. అల్లుడు ఈ ఇంటికి కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ కట్టుకున్న మొగుడితో సహా అందరికీ ఆవిడ అత్తగారే. కూతురొక్కతే ఇంకా అమ్మా అంటుంది. ఈ పూట ఆ పిలుపు కూడా గుచ్చుకునేలా ఉంది.

"అమ్మా, నీ మోకాళ్ళు నీవి. ఆయన నడుం ఆయనది. రెంటికీ ఒకటే వైద్యం చెయ్యకు."

"నొప్పుల్లో నీవీ నావీ ఏమిటే. పని చేస్తే వస్తుంది, పడుకుంటే పోతుంది. నాకు తెలీదా?"

తెలియకపోవడమేమిటి, మోకాళ్ళ విషయంలో ఆ వీధిలో ఆవిడ మాటకి తిరుగులేదు. పొద్దున లేస్తే బాగానే ఉంటాయి. ఇంటి పనీ, మేడ మెట్లూ అయ్యేసరికి సాయంత్రానికి నిప్పులు పోసినట్టు మండుతాయి. కాళ్ళు చాపుకుని కూచుంటే చల్లబడతాయి. ఇన్నేళ్ళుగా తన ఒంటి మీద తను చూసుకున్న సంగతి. అందుకే పరుపుల అంగడిలో ప్రతి పరుపునీ వేలితో నొక్కి, అరచేత్తో నొక్కి, చివరికి కొట్టువాడు ఏమనుకున్నా సరేనని దాని మీద ఒక కునుకు కూడా తీసి, అన్నిటిలోకీ మెత్తనిది ఏరి తెచ్చింది. కన్నకూతురికి కూడా అంత మెత్తనిది కొనలేదు. అమ్మాయి కోపంలో ఆ ముక్క కూడా కొంచెం ఉందేమోనని ఆవిడకి అనుమానం.

వంటింటి గుమ్మంలో అల్లుడు ద్వారబంధాన్ని రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. వంగిన మనిషి కొద్దికొద్దిగా నిటారవుతున్నాడు, తుప్పు పట్టిన గొడుగు ఒక్కొక్క పుల్లే తెరుచుకున్నట్టు.

"పరుపుదేం తప్పు లేదండీ," అన్నాడు.

ఇల్లు కూలి నెత్తిన పడినా ఇంటిదేం తప్పు లేదండీ అనే మనిషి.

"మీరు ఊరుకోండి," అంది అమ్మాయి. "నోరు విప్పాల్సిన చోట విప్పరు. పరుపు తరఫున మాత్రం వకాల్తా పుచ్చుకుంటారు."

సోఫాలోంచి డ్రిల్లు మాస్టారు, అంటే ఈ ఇంటి పెద్దాయన, గొంతు సవరించుకున్నాడు. ఆ ఊళ్ళో నిటారుగా నిలబడగలిగిన మగవాళ్ళలో సగం మంది బడిలో ఆయన ఈలకి నిలబడ్డవాళ్ళే. ఇప్పుడు ఆయన ఎడమకాలు దిండు మీద ఉంది. బొటనవేలు వంకాయ రంగులో మెరుస్తోంది. ఫ్యాను గాలి తగిలినా ఓర్చుకోలేక, దుప్పటి తగిలితే కేక పెట్టి, ఇంట్లో ఎవరూ తనకి బారెడు దూరంలోకి రాకూడదని ఆంక్ష పెట్టాడు.

"ముందు ఆ పరుపు పక్కకి జరపండి. నా వేలి మీద పడేలా ఉంది," అన్నాడు.

అమ్మాయి పరుపు జరపలేదు. సంచి భుజాన వేసుకుని, తను పాఠం చెప్పే బడిలో పిల్లలు గేటు దగ్గర ఎదురుచూస్తుంటారంటూ వెళ్ళిపోయింది. పోతూ పోతూ గుమ్మంలో ఆగి, కీళ్ళ డాక్టరు దగ్గర పేరు రాయించింది తన మొగుడికేనని, ఆయన నోటితో ఆయన్నే చెప్పుకోనివ్వమని తల్లికి మరీ మరీ చెప్పింది.

అత్తగారు మందు డబ్బా మూత గట్టిగా బిగించింది. ఆ మూతకి ఏ పాపమూ తెలీదు.

*

ఈ గొడవంతా కుర్చీతో మొదలైంది.

అల్లుడు పోస్టుమాను. అంగడి వీధి మొదలుకుని కాలవ గట్టు దాకా ఆయన బీటు. ఆ దారిన ఏ ఇంటి కుక్క ఏ పక్కనుంచి మొరుగుతుందో కూడా ఆయనకి తెలుసు. అలాంటి మనిషి కొన్నాళ్ళుగా వెలుగు రాకముందే లేచి వరండాలో ఆ చివర్నుంచి ఈ చివరికి నడవడం మొదలుపెట్టాడు. చెప్పుల చప్పుడు గోడ అవతలి నుంచి అత్తగారికి వినిపించేది. నొప్పితో నిద్రపట్టక పాపం మనిషి అల్లాడిపోతున్నాడని ఆవిడ గుండె కరిగి నీరయ్యేది. దీనికి తోడు రోజంతా భుజాన సంచి, ఎండలో తిరుగుడు.

అడిగితే "ఏం లేదండీ" అంటాడు. కాబట్టి అడగడం మానేసి మొగుణ్ణి పంపింది.

డ్రిల్లు మాస్టారు ఒక కాలికి బూటూ, ఇంకో కాలికి చెప్పూ వేసుకుని పోస్టుమాస్టరు ఎదుట నిలబడి, ఇంట్లో వల్లె వేయించిన వాక్యం ఒక్క అక్షరం పోకుండా అప్పజెప్పాడు: నడుం నొప్పి ఉన్నవాడికి కావలసింది నడక కాదు, కుర్చీ. పోస్టుమాస్టరు చిన్నప్పుడు ఆయన దగ్గర కవాతు నేర్చుకున్నవాడు. లేచి నిలబడి విన్నాడు. ఆ వారంలోనే అల్లుడు కౌంటరు వెనక కుర్చీలోకి వచ్చాడు.

కుర్చీ వచ్చాక నడుం ఇంకా బిగుసుకుంది. అత్తగారి లెక్కలో దానర్థం విశ్రాంతి ఇంకా చాలలేదని. అందుకని పరుపు వచ్చింది.

*

డాక్టరు దగ్గరికి ముగ్గురూ బయల్దేరారు. పేరు రాయించింది ఒకరికే అయినా, ఎలాగూ బస్సు ఎక్కుతున్నాం కాబట్టి మోకాళ్ళూ బొటనవేలూ కూడా చూపించేసుకుందామని అత్తగారు తీర్మానించింది.

బస్సులో సీటు ఖాళీ అయింది. అల్లుడు పైన కడ్డీ పట్టుకుని నిలబడే ఉన్నాడు. కూచోమని ఆవిడ చెప్పింది. పరవాలేదన్నాడు. కూచోమని ఇంకోసారి చెప్పింది. పక్క సీటు పెద్దమనిషి కూడా, పెద్దవాళ్ళు అంతగా చెబుతుంటే కూచోవచ్చు కదా అని కలగజేసుకున్నాడు. కూచున్నాడు.

దిగే చోటు వచ్చేసరికి లేవలేకపోయాడు. ముందు సీటు పట్టుకుని లేచాడు, సగంలో ఆగాడు, చెమట పట్టింది. కండక్టరు ఈల నోట్లో పెట్టుకుని అలాగే ఆగిపోయాడు. బస్సు బస్సంతా తల తిప్పి చూసింది. డ్రిల్లు మాస్టారు తన వేలు మరచిపోయి అల్లుడి చంక కింద చెయ్యి వేశాడు.

అత్తగారు మాత్రం అప్పటికీ తప్పు సీటుదేననుకుంది. మరీ గట్టిగా ఉంది.

*

కీళ్ళ డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. ఎదుట మూడు కుర్చీలు వేయించి, ఎవరికి నొప్పి అని అడిగింది.

"ముగ్గురికీనమ్మా. ఒకటే జబ్బు, ముగ్గురం పంచుకున్నాం," అంది అత్తగారు.

డాక్టరమ్మ నవ్వి, అంత ఐకమత్యం ఉన్న కుటుంబాన్ని ఈమధ్య చూడలేదంది. ముందు మోకాలు పట్టుకుని మడిచి చాపింది. లోపల ఇసుక నలిగినట్టు చప్పుడైంది. ఎముకల చివర మెత్తలాంటి పొర ఉంటుందనీ, ఏళ్ళ తరబడి అది అరిగిందనీ, అందుకే వాడితే నొప్పి, కూచుంటే హాయి అనీ చెప్పింది. అలాగని అస్తమానం కూచుంటే కుదరదంది. తొడ కండరం గట్టిపడితే మోకాలి మీద బరువు తగ్గుతుందని, కుర్చీలో కూచుని కాలు చాపి పైకెత్తి నిలపడం చేయించి చూపింది. అత్తగారి కాలు గాల్లో వణికింది. డ్రిల్లు మాస్టారు అలవాటు కొద్దీ అంకెలు లెక్కపెట్టబోయి, భార్య చూపు తగిలి మానుకున్నాడు.

తర్వాత ఆయన వంతు. వేలిని తాకబోతేనే కుర్చీ వెనక్కి జరిపాడు. నిద్రలో ఉండగా ఎవరో సుత్తి పెట్టి కొట్టినట్టు మొదలైందా అని ఆవిడ అడిగితే, తన వేలి కథ ఈవిడకెవరు చెప్పారా అన్నట్టు చూశాడు. రక్తంలో యూరిక్ ఆమ్లం మితిమీరితే సూదుల్లాంటి పలుకులుగా మారి కీలులో చేరుతుందట, దాన్ని గౌట్ అంటారట. ఇదివరకు వేరే డాక్టరు రోజూ వేసుకోమన్న మాత్ర నొప్పి తగ్గగానే మానేశారు కదా అని అడిగింది. ఆయన గోడ మీది ఎముకల బొమ్మని శ్రద్ధగా పరిశీలించాడు.

"మరి మా ఎదురింటావిడకి రెండు చేతుల వేళ్ళూ వాచి, పొద్దున్నే పిడికిలి కూడా పట్టదు. అదీ ఇదేనా?" అని అత్తగారు అడిగింది.

"అది ఇంకోటమ్మా. కీళ్ళవాతంలోనే వేరే రకం. అది మీ ఇంటికి రాలేదు," అంది డాక్టరమ్మ.

అత్తగారు కుదుటపడి, ఇక అల్లుడి సంగతి అందుకుంది. నడుం నొప్పి అనీ, సంచి మోసి మోసి వచ్చిందనీ, రాత్రిళ్ళు నిద్ర ఉండదనీ, పాపం నోట్లో నాలుక లేని మనిషనీ చెప్పుకుపోతుంటే, డాక్టరమ్మ మెల్లగా చెయ్యి ఎత్తింది.

"ఆయన్ని చెప్పనివ్వండమ్మా."

 అల్లుడు చేతిలో బస్సు టికెట్టుని సన్నగా చుట్టాడు, విప్పాడు, మళ్ళీ చుట్టాడు.

"తెల్లారకముందే మెలకువ వచ్చేస్తుందండీ. నడుం కర్రలా ఉంటుంది. లేచి తిరుగుతాను. తిరిగితే వదులవుతుంది."

"కూచుంటే?"

అల్లుడు అత్తగారి కేసి చూశాడు, సెలవిప్పించమన్నట్టు.

"కూచుంటే పట్టేస్తుందండీ."

"పడుకుంటే?"

"ఇంకా పట్టేస్తుంది."

"సంచి వేసుకుని బీటు తిరిగే రోజుల్లో?"

"మొదటి వీధి దాటితే చాలండీ. తర్వాత నడుం ఉందన్న సంగతే గుర్తుండేది కాదు."

అత్తగారు వింటోంది. నడిస్తే తగ్గే నొప్పి ఒకటుంటుందని ఆవిడ ఇంత బతుకూ బతికి వినలేదు. గోడ అవతల చెప్పుల చప్పుడు ఆవిడకి మూలుగులా వినిపించింది. అది మూలుగు కాదు. మనిషి తన మందు తను వేసుకుంటున్న చప్పుడు.

డాక్టరమ్మ ఆయన్ని నిలబెట్టి వంగమంది, పక్కలకి తిరగమంది, వీపు అడుగున నొక్కి చూసింది. కన్ను ఎప్పుడైనా ఎర్రబడి, వెలుతురు చూడలేనంత నొప్పి చేసిందా అని అడిగింది. చేసింది. పోయిన ఏడాది. ఉత్తరాల సంచుల దుమ్మనుకుని అత్తగారే కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది.

"కంటికీ నడుముకీ ఏమిటమ్మా సంబంధం?"

"ఉండొచ్చమ్మా. ఇది మీ మోకాళ్ళలా అరుగుదల అనిపించడం లేదు నాకు. ఒంట్లో రోగాల మీద కాపలా కాసే బలగం ఒకటి ఉంటుంది. అది దారి తప్పి సొంత ఇంటి మీదే పడుతుంది. వెన్ను అడుగున కీళ్ళలో వాపు వస్తుంది, ఒక్కోసారి కంట్లోనూ వస్తుంది. వయసులో ఉన్నవాళ్ళకే మొదలవుతుంది. పట్టించుకోకుండా వదిలేస్తే కొందరికి వెన్నుపూసలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ఇక వంగవు."

అత్తగారు అల్లుడి వీపు కేసి చూసింది.

రక్తపరీక్షా స్కానూ చూశాక గానీ ఖాయంగా చెప్పనని, మంచి మందులు ఇప్పుడు చాలానే ఉన్నాయని, భయపడిపోవద్దని డాక్టరమ్మ అంది. వాపుకి మాత్రలు రాసింది. మందు ఎంత అవసరమో కదలిక అంత అవసరమని చెప్పింది.

"ఈమధ్యే బాగా ఎక్కువైందంటున్నారు. పనిలో ఏమన్నా మార్పు వచ్చిందా?"

"కుర్చీలోకి మారానండీ."

"ఎవరు మారమన్నారు?"

డ్రిల్లు మాస్టారు తన వేలి కేసి చూసుకున్నాడు. అత్తగారు కూడా ఆ వేలి కేసే చూసింది.

"నేనే అడిగానండీ," అన్నాడు అల్లుడు.

*

తిరుగు బస్సులో సీట్లన్నీ ఖాళీ. అల్లుడు కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. అత్తగారు కిటికీలోంచి బయటికి చూస్తూ కూచుంది. కూచోమని అనలేదు.

ఆ సాయంత్రం పరుపు డ్రిల్లు మాస్టారి మంచం ఎక్కింది. అమ్మాయి బడినుంచి వచ్చి, ఖాళీ గోడనీ, మొగుడి చేతిలో మాత్రల చీటీనీ, గాల్లో కాలెత్తి వణుకుతున్న తల్లినీ చూసింది. ఏం జరిగిందో భర్త నోటే వినాలని గదిలోకి వెళ్ళింది. చాలాసేపటికి బయటికి వచ్చి, టీ కలిపి, తల్లి చేతికి అందేలా పెట్టింది. పంచదార ఎప్పటికంటే ఎక్కువ వేసింది. ఆ ఇంట్లో రాజీకి అంతకంటే భాష లేదు.

"నేనే అడిగానన్నాడే మీ ఆయన," అంది అత్తగారు, కాలు దించకుండా.

"అంటాడు. నిన్ను ఎవరైనా ఏమైనా అంటే ఆయన ఓర్చుకోలేడు," అంది అమ్మాయి. "నేనంటే తప్ప."

*

మర్నాడు అత్తగారు ఎవరికీ చెప్పకుండా పోస్టాఫీసుకి వెళ్ళింది. మెట్లెక్కేసరికి మోకాళ్ళు రెండూ తమ అభిప్రాయం చెప్పాయి. ఆవిడ వినిపించుకోలేదు.

లోపల, అద్దం వెనక కౌంటరులో అల్లుడు స్టాంపులు చింపి ఇస్తున్నాడు. తల తిప్పాలంటే భుజాలతో సహా తిరుగుతున్నాడు. ఆయన చూడకుండా ఆవిడ పక్కనుంచి పోస్టుమాస్టరు గదిలోకి దూరింది.

పోస్టుమాస్టరు మర్యాదస్థుడు. లేచి నిలబడ్డాడు. విన్నాడు. విని, తల అడ్డంగా ఊపాడు.

"అదేమిటి అమ్మగారూ. నడుం నొప్పి మనిషి చేత సంచి మోయించమంటారా? నడుం నొప్పి ఉన్నవాడికి కావలసింది నడక కాదు, కుర్చీ. ఈ మాట మన మాస్టారే అన్నారు. నాకు అక్షరం అక్షరం గుర్తుంది."

అత్తగారికీ గుర్తుంది. ఆ వాక్యాన్ని కట్టింది, మొగుడి నోట వల్లె వేయించింది తనే.

ఇది వేరే రకం నొప్పి అని చెప్పింది. కాపలా బలగం సంగతి చెప్పింది. కన్ను సంగతి కూడా చెప్పింది. డాక్టరమ్మ చెబితే ఎంతో తేటగా ఉన్నది తన నోట్లో పడేసరికి ఎక్కడో సాగిపోయింది. నడిస్తే తగ్గే నొప్పి ఎక్కడైనా ఉంటుందా అన్నట్టు పోస్టుమాస్టరు జాలిగా చూశాడు. నిన్నటి దాకా అచ్చం అలాగే చూసినది తనే కదా అని ఆవిడకి మనసులో చురుక్కుమంది.

అంగడి వీధి బీటు ఇంకొకరికి ఇచ్చేశానన్నాడు. ఖాళీగా ఉన్నదల్లా గుట్ట మీది బీటు. ఎత్తు దారి, మెట్లు, ఇంటికీ ఇంటికీ దూరం. దాన్ని ఎవరూ అడగరు.

"ఒక పని చేద్దాం," అన్నాడు చివరికి. "రేపు పొద్దున సంచి ఎత్తుకుని ఆ బీటు తిరగమనండి. వెనకాల నేనే సైకిలు నడిపించుకుంటూ వస్తాను. నిటారుగా తిరిగొస్తే బీటు ఆయనదే. దారిలో కూలబడితే మాత్రం అమ్మగారూ, కుర్చీ తీసేయమన్న మాట ఇక ఎత్తొద్దు. నా మీద కూడా పైవాళ్ళున్నారు."

"సరే," అంది అత్తగారు.

అనేశాక గానీ గుర్తు రాలేదు. పొద్దున. నడుం కర్రలా ఉండే వేళ. మాత్రలు మొదలుపెట్టి ఒక్క పూట అయింది. స్కాను ఇంకా తీయనే లేదు. గుట్ట ఎక్కాలా వద్దా అని డాక్టరమ్మని అడగనూ లేదు.

వెనక్కి తిరిగేసరికి గది గుమ్మంలో అల్లుడున్నాడు. ద్వారబంధాన్ని రెండు చేతులా పట్టుకుని, తుప్పు గొడుగులా పుల్లా పుల్లా తెరుచుకుంటున్నాడు. ఎప్పుడొచ్చాడో, ఎంత విన్నాడో. అంతా విన్నట్టే ఉంది ముఖం.

ఆవిడ పక్కనే బయటి మెట్ల దాకా నడిచాడు. నాలుగు అడుగులు వేసేసరికి భుజాలు కొంచెం వదులయ్యాయి. అది ఆవిడ కళ్ళారా చూడడం ఇదే మొదలు.

"అత్తయ్యా," అన్నాడు. గొంతులో కోపం లేదు. ఉన్నా బాగుండేదనిపించింది ఆవిడకి. "కుర్చీ వేయించినప్పుడు నన్నో మాట అడగలేదు మీరు. పోనీ అనుకున్నాను. ఇవాళ కుర్చీ తీయించేటప్పుడు కూడా అడగలేదు."

ఆయన నోటంట అంత పొడుగు మాట ఆవిడ ఎప్పుడూ వినలేదు.  కింద మెట్లున్నాయి. ఎక్కడం కంటే దిగడం కష్టం ఆ మోకాళ్ళకి. ఎప్పటిలాగే, ఆలోచించకుండానే, అల్లుడు చెయ్యి అందించాడు. ఆవిడ పట్టుకుంది.

"ఇప్పుడు అడుగుతున్నాను బాబూ," అంది. "వెళతారా?"

వీధి చివర ఇళ్ళ కప్పుల మీదుగా గుట్ట కనిపిస్తోంది. లోపల కౌంటరు దగ్గర ఎవరో గాజు మీద వేలితో కొడుతున్నారు.

అల్లుడు గుట్ట కేసి చూస్తూ ఉండిపోయాడు.  చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.